కుండీ మొక్కలకు బూడిద తెగులు – గుర్తించుట, నివారించుట

చలికాలము ప్రవేశించగానే విశాఖపట్టణములో మేడలమీదను, వసారాలలోను పెంచుకొను మొక్కలకు ఒక తెల్లని జబ్బు పట్టుట మన మందరము చూచుచున్నదే. గులాబి చిగుళ్ళపై ఎవరో విభూతి చల్లినట్లుండును. బెండ ఆకులు, ఆనప ఆకులు ముగ్గుపిండి పడినట్లు తెల్లబడును. వారము తిరుగుసరికి చిగుళ్ళు ముడుచుకొని, ఆకులు పసుపెక్కి, మొగ్గలు విచ్చకుండగనే వాడిపోవును. దీనినే బూడిద తెగులు అందురు.

ఇది పట్టణవాసుల ముచ్చట గదా, సేద్యము చేయు మాకు దీనితో పని యేమి అని రైతు సోదరులు అనుకొనవచ్చును. పని యున్నది. పట్టణపు కుండీలకు చేరు గులాబి అంట్లు, బంతి నారు, మిరప నారు పెంచి అమ్మునది రైతులే. తెగులున్న అంటును కొన్నవారు మరుసటి ఏడు ఆ నర్సరీ గుమ్మము త్రొక్కరు. అంతేగాక ప్రతి రైతు ఇంటి పెరటిలోను ఒక ఆనప పాదు, నాలుగు మిరప మొక్కలు, ఒక గులాబి ఉండనే యుండును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. పొలములో మందు చల్లి మనము ఇంటికి వచ్చెదము. కుండీ మొక్కపై చల్లిన మందు ఇంటిలోనే యుండిపోవును. అక్కడనే పిల్లలు ఆడుకొందురు. అక్కడనే బట్టలు ఆరవేయుదురు. ఆ కుండీలోని కొత్తిమీరయే సాయంకాలము పచ్చడిలో పడును. కనుక పొలమునకు పనికివచ్చిన పద్ధతి అంతయు కుండీకి పనికిరాదు. ఈ భేదమును తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

దుమ్మా, తెగులా?

మందు వెదకుటకు ముందు జబ్బేదో నిర్ణయించుకొనవలెను. విశాఖపట్టణములో ఇది కొంచెము చిక్కైన పని. 1933లో ప్రారంభమైన ఓడరేవు, తరువాత వచ్చిన ఉక్కు కర్మాగారము, ఇతర పరిశ్రమలు ఈ నగరమునకు జీవనాధారములు. వాటితోపాటు దుమ్ము కూడ వచ్చినది. రేవుకు సమీపముననున్న పాతనగరము, జ్ఞానాపురము వంటి పేటలలో బొగ్గు దుమ్ము, ముడి ఇనుపరాతి దుమ్ము ఆకులపై పేరుకొనును. సముద్రపు ఒడ్డున ఉప్పుగాలి తగులును. ఇవన్నియు తెగులు కావు. వీటికి తెగులు మందు చల్లిన డబ్బు దండుగ, ఇంటికి విషము.

ఈ క్రింది గుర్తులను జ్ఞాపకముంచుకొనిన పొరపాటు రాదు.

1. దుమ్ము: నల్లగా గాని, ఎర్రగా గాని యుండును. ఆకు పైభాగముననే యుండును. మొక్కపైనే గాక కుండీ అంచుపైనను, పిట్టగోడపైనను సమానముగా పడియుండును. తడిగుడ్డతో తుడిచిన క్రింద ఆకు పచ్చగా, ఆరోగ్యముగా కనబడును.

2. ఉప్పు: సముద్రమువైపు తిరిగిన ఆకులపై తెల్లని పొరవలె కనబడును. ఆకు కొనలు, అంచులు మాడియుండును. నీటిలో వెంటనే కరిగిపోవును.

3. నీటి మరకలు: బోరునీరు ఆకులపై చల్లి ఆరనిచ్చినపుడు చుక్కలుగా, వలయములుగా తెల్లని మరకలు మిగులును. ఇవి పెరుగవు.

4. పిండినల్లి: తెల్లని దూది ముద్దలవలె ఆకు తొడిమెల మొదట, కణుపులవద్ద నుండును. చీమలు తిరుగుచుండును. పుల్లతో కదిపిన మెత్తని పురుగు కనబడును. ఇది పురుగు, బూజు కాదు.

5. మసి తెగులు: ఇది నల్లగా నుండుటచే బొగ్గు దుమ్మని పొరబడుదురు. పేనుబంక, పిండినల్లి విసర్జించు తేనెవంటి జిగటపై పెరుగు నల్లబూజు ఇది. వ్రేలితో తాకిన జిగటగా నుండును. పురుగును తొలగించిన ఇది తానే పోవును.

6. బూజు తెగులు: బూడిద తెగులుతో దీనిని కలిపి చెప్పుట సర్వసాధారణమైన పొరపాటు. దోస, బీర ఆకుల పైభాగమున ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, వాటికి సరిగా క్రింద బూజు కనబడిన అది బూజు తెగులు. దీనికి ఆకుపై తడి నిలువవలెను. దీని మందులు వేరు.

7. బూడిద తెగులు: మొదట గుండ్రని చిన్న తెల్లమచ్చలుగా మొదలై, కలిసిపోయి ఆకునంతను కప్పును. లేత చిగుళ్ళు, మొగ్గలు, కాడలు కూడ తెల్లబడును. తుడిచిన కొంత పోవును గాని క్రింద ఆకు వెలవెలబోయి యుండును.

ఇంకను సందేహమున్నచో ఒక సులభమైన పరీక్ష కలదు. అనుమానము గల ఒక ఆకును తడిగుడ్డతో శుభ్రముగా తుడిచి, దాని తొడిమెకు దారము కట్టి గుర్తుంచుకొనుడు. మూడు నాలుగు దినముల తరువాత చూడుడు. అదే స్థలమున అంచులు విస్తరించుచు తెల్లమచ్చ తిరిగి లేచిన అది ప్రాణము గల తెగులే. దుమ్మైనచో అన్ని ఆకులపైన ఒకేరీతిగా పడును గాని ఒక చుక్కనుండి చుట్టును పెరుగదు.

తెగులు స్వభావము

ఈ తెగులును కలిగించునది ఒక జాతి శిలీంధ్రము. బంగారుతీగ చెట్టుపై అల్లుకొని, తన పీల్చువ్రేళ్ళను కొమ్మలోనికి దింపి సారమును లాగుకొనుట రైతులకు తెలిసినదే. ఈ శిలీంధ్రము చేయునదియు అట్టి పనియే. దీని పోగులు ఆకుపైననే ప్రాకుచు, సన్నని పీల్చువ్రేళ్ళను ఆకు పైపొరలోనికి మాత్రము దింపును. దేహమంతయు బయటనే యుండుటచేత దీనిని పైపై మందులతో అణచుట సాధ్యమగుచున్నది. మిరపకు వచ్చు బూడిద తెగులు మాత్రము ఇందుకు భిన్నము. అది ఆకు లోపల పెరిగి, అడుగుభాగమున తెల్లగా బయటపడును. పైభాగమున పసుపు మచ్చలు కనబడి ఆకులు రాలును. కావున మిరప ఆకులను తిరగవేసి చూచుట అలవాటు చేసికొనవలెను.

మనకు కనబడు తెల్లపొడి ఈ శిలీంధ్రపు సిద్ధబీజముల రాశి. గాలికి ఇవి లేచి ఇతర మొక్కలపై వ్రాలును. పరిస్థితులు అనుకూలించిన వారము దినములలోపుననే అక్కడ క్రొత్త మచ్చ లేచి, తిరిగి బీజములను వెదజల్లును. తెగులు "రాత్రికి రాత్రి" వచ్చినదని అనుటకు కారణమిదియే. మొదటి మచ్చను మనము చూచియుండము.

మరొక విశేషమును గమనింపవలెను. చాల శిలీంధ్రములు మొలచుటకు ఆకుపై నీటిచుక్క కావలెను. దీనికి అక్కరలేదు. గాలిలో తేమ చాలును. పైగా నీటిలో మునిగిన ఈ బీజములు సరిగా మొలవక చెడును. అందుచేతనే భారీ వర్షములు పడు దినములలో ఈ తెగులు తగ్గి, వానలు వెనుకబట్టి మంచు పడునపుడు విజృంభించును.

విశాఖపట్టణపు శీతకాలము దీనికి తగినట్లే యున్నది. సముద్రము ప్రక్కన ఉండుటచే రాత్రులు గాలిలో తేమ నిండుగా నుండును. పగలు పొడిగా, హాయిగా నుండును. నగరమునకు ఒకవైపు కైలాసగిరి, సింహాచలము కొండలు, మరొకవైపు యారాడ కొండ యుండుటచే తెల్లవారుజామున మంచు, పొగ క్రిందనే నిలిచిపోవును. దీనికి మేడల మధ్య నీడ, ఒకదానినొకటి ఒరసికొను కుండీలు తోడైన తెగులుకు విందు దొరికినట్లే. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఎక్కువ జాగ్రత్తగా నుండవలెను. ఇదే ఋతువులో పెరటి మామిడి పూతకు, రేగు పిందెలకు కూడ బూడిద తెగులు పట్టుట గమనింపవచ్చును.

ఒకదానినుండి ఒకదానికి అంటునా?

గులాబికి తెగులు రాగానే ప్రక్కనున్న బెండకు, జిన్నియాకు వచ్చునని భయపడి మొక్కలన్నిటిని పీకి పారవేయువారు కలరు. అట్లు చేయనక్కరలేదు. బూడిద తెగులు అన్నిటిపైన ఒకేరీతిగా కనబడినను, కలిగించు శిలీంధ్రములు వేరువేరు. గులాబిది సాధారణముగా గులాబి జాతినే పట్టును. మామిడిది మామిడినే పట్టును. కాని ఆనప, దోస, గుమ్మడి, బీర ఒకే కుటుంబము కావున వాటిలో ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. గులాబిపై కనబడిన మిగిలిన గులాబులను, దోసపై కనబడిన మిగిలిన పాదులను ముందుగా పరీక్షింపవలెను.

మందు లేని మందు

కుండీ మొక్కలకు ఒక సౌకర్యము కలదు. పొలములోని మొక్కను కదల్చలేము, కుండీని కదల్చగలము. సగము వైద్యము ఇందులోనే యున్నది.

తెగులు కనబడిన కుండీని ముందుగా వేరుచేయుడు. ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు తగులుచోట, గాలి ఆడుచోట ఉంచుడు. మిగిలిన కుండీలను ఒకదాని ఆకులు మరియొకదానికి తగులకుండ జానెడు ఎడముగా సర్దుడు. బాగుగా తెల్లబడిన ఆకులను, చిగుళ్ళను తడిపి మెల్లగా కత్తిరించి, వెంటనే సంచిలో వేసి మూతికట్టి పారవేయుడు, లేదా లోతుగా పాతిపెట్టుడు. పొడిగా నున్నపుడు త్రుంచి దులిపిన బీజములు ఇల్లంతయు ఎగురును. ఒకేసారి మొక్కలో మూడవవంతుకంటె ఎక్కువ ఆకులను తీయరాదు.

తరువాత వారమునకు రెండుసార్లు, ఉదయము ఎండ వచ్చు వేళ, శుభ్రమైన మంచినీటితో ఆకులను పైన, క్రింద కడుగుడు. నీరు తెగులును కడిగివేయుటే గాక బీజములను చెరుచును. ఓడరేవు దుమ్ము కూడ ఈ స్నానముతో పోయి ఆకుకు వెలుతురు అందును. అయితే మధ్యాహ్నమునకు ఆకులు తప్పక ఆరిపోవలెను. సాయంకాలము తడిపి రాత్రియంతయు తడిగా ఉంచిన గులాబికి నల్లమచ్చ తెగులు, పాదులకు బూజు తెగులు వచ్చును. ఒక దొంగను తరిమి మరొక దొంగకు తలుపు తీసినట్లగును.

యూరియా ఎక్కువగా వేయరాదు. నత్రజని అధికమైన చిగుళ్ళు మెత్తగా, నీరుపట్టి పెరుగును. తెగులుకు అట్టి చిగురే ప్రీతి. బాగుగా చివికిన పశువుల ఎరువు గాని, వానపాముల ఎరువు గాని కొద్దికొద్దిగా వేసిన చాలును.

పాదుల ఆకులపై పసుపుపచ్చని చిన్న అక్షింతల పురుగులు తిరుగుచుండిన వాటిని చంపకుడు. అక్షింతల పురుగులలో ఒక జాతి ఈ బూడిద బూజునే మేసి బ్రతుకును. అది మన పక్షమున పనిచేయు కూలి.

ఇంటిలో దొరకు మందులు

తెగులు ఇంకను ఆగకున్నచో, ఈ క్రింది వాటిని తొలిదశలోనే వాడవలెను. ఏది వాడినను మొదట రెండు ఆకులపై చల్లి, రెండు దినములు ఆగి, ఆకు మాడకున్నచో మొక్కంతటికి చల్లుడు.

పాలు: 1999లో బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞుడు వాగ్నర్ బెట్టియోల్ గాజుగృహములో పెంచిన గుమ్మడిజాతి మొక్కలపై ఆవుపాలను నీటిలో కలిపి చల్లి, బూడిద తెగులు అదుపులోనికి వచ్చుటను చూపించెను. ఒక పాలు పాలకు తొమ్మిది పాళ్ళు నీరు కలిపి, వారమునకు రెండుసార్లు, ఉదయము ఎండ తగులునపుడు చల్లవలెను. మోతాదు పెంచిన వాసన పట్టి, ఆకుపై వేరొక బూజు పెరుగును.

వంటసోడా: లీటరు నీటికి 5 గ్రాములు సోడా, కొన్ని చుక్కలు మెత్తని సబ్బునీరు కలిపి వారమునకు ఒకసారి చల్లవచ్చును. సోడాలో సోడియము కలదు. కుండీలో మట్టి కొంచెమే గనుక అది పేరుకొని వేళ్ళకు హాని చేయును. చల్లునపుడు కుండీ మట్టిని కాగితముతో కప్పుడు. మూడు నాలుగు పర్యాయములకు మించి వాడకుడు. సముద్రపు గాలికి ముందే ఉప్పు పట్టిన మొక్కలకు ఇది వలదు.

వేపనూనె: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలియుటకు సరిపడు సబ్బుతో కలిపి, చల్లని వేళ చల్లవలెను. ఇది పిండినల్లికి కూడ పనిచేయును.

గంధకము

బూడిద తెగులుకు గంధకము పాతకాలపు మందు, నేటికిని మంచి మందు. దీని చరిత్ర కూడ ఇంటి మొక్కతోనే ముడిపడియున్నది. 1845లో ఇంగ్లండులోని మార్గేటు అను ఊరిలో టక్కరు అను తోటమాలి తాను గాజుగృహములో పెంచు ద్రాక్షకు తెల్లబూజు పట్టుట గమనించెను. గంధకము, సున్నము కలిపి చల్లి దానిని అణచెను. కొలది సంవత్సరములలో ఆ తెగులే సముద్రము దాటి ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలను పాడుచేసినది. 1854 నాటికి అక్కడి ద్రాక్షసారాయి ఉత్పత్తి దారుణముగా పడిపోయినది. గంధకపు పొడిని తోటలన్నిట చల్లుట అలవడిన తరువాత గాని వారు తేరుకొనలేదు. ఒక తోటమాలి సకాలమున కన్ను తెరచి చూచినది, ఒక దేశమునకు పనికివచ్చినది.

నేడు నీటిలో కలియు గంధకము పొడి బజారులో దొరకును. లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, గులాబి, బెండ, జిన్నియా వంటి వాటిపై ఆకు రెండు వైపుల తడియునట్లు చల్లవలెను. అవసరమైన 10 నుండి 15 దినముల తరువాత మరల చల్లవచ్చును. పెరటి మామిడి పూతకు కూడ ఇదే మోతాదు.

అయితే ఈ నాలుగు హెచ్చరికలను మరువరాదు.

ఒకటి: ఆనప, బీర, దోస, గుమ్మడి మొదలగు పాదులపై గంధకము చల్లరాదు. ఆకులు మాడిపోవును. వాటికి కడుగుట, పాలు, ఆకుల తొలగింపు ముఖ్యము.

రెండు: ఎండ ముదిరిన వేళ, 32 డిగ్రీలకు మించిన వేడిలో ఏ మొక్కపైనను చల్లరాదు.

మూడు: వేపనూనె చల్లిన రెండు వారములలోపు గంధకము చల్లరాదు. రెండును కలిసిన ఆకు కమిలిపోవును.

నాలుగు: గదిలో గాని, మూసిన వసారాలో గాని చల్లరాదు. కుండీని మేడపైకి తీసికొనిపోయి, గాలి వీచు దిక్కునకు వీపు పెట్టి, ముక్కునకు గుడ్డ కట్టుకొని చల్లవలెను. గంధకము కండ్లను మండించును. ఉబ్బసము గలవారు ఈ పనికి దూరముగా నుండవలెను. మొక్క ఆరిన తరువాతనే కుండీని క్రిందికి దింపుడు. తినెడి కాయలు, ఆకులు ఉన్నచో ముందుగా కోసికొని, ఆ పిమ్మట చల్లి, డబ్బాపై వ్రాసిన గడువు ముగిసిన తరువాతనే తిరిగి కోయవలెను. కొత్తిమీర, మెంతి వంటి ఆకుకూరలకు ఈ తెగులు వచ్చిన మందు చల్లుటకంటె ఆ కుండీని పీకి తిరిగి విత్తుటయే మేలు. పది రూపాయల విత్తనమునకు ఇంటివారి ఆరోగ్యమును పణము పెట్టరాదు.

చేయరాని పనులు

పొలములో మిగిలిన మందును ఇంటి కుండీలపై చల్లుట పల్లెలలో తరచు జరుగుచున్నది. ఇది ప్రమాదకరము. పురుగుమందు బూజును చంపదు. ఇంటిలోనివారికి మాత్రము హాని చేయును. పాత పుస్తకములలో బూడిద తెగులుకు ట్రైడిమార్ఫ్, బెనోమిల్ వంటి మందులు వ్రాసియుండును. భారత ప్రభుత్వము 2018 ఆగస్టులో ఈ రెండింటిని నిషేధించినది. అటకపై పాత డబ్బా లున్నచో వాడకుడు. కాలువలోను, బావి దగ్గరను పారబోయకుడు. మండల వ్యవసాయాధికారిని గాని, ఉద్యాన అధికారిని గాని అడిగి వారు చెప్పిన రీతిని వదిలించుకొనుడు.

మందును వంటగది చెంచాతో కొలువకుడు. త్రాగునీటి సీసాలో కలిపి ఉంచకుడు. ఆ పూటకు కావలసినంతయే కలుపుకొనుడు.

నారు, అంట్లు అమ్ము రైతులకు

గులాబి అంట్లను, పూలనారును పట్టణమునకు పంపువారు నవంబరులోనే జాగ్రత్త పడవలెను. సంచులను దగ్గర దగ్గరగా పేర్చక వరుసల నడుమ గాలికి దారి విడువవలెను. నీడవల క్రింద నున్నవాటిని మూడు దినములకు ఒకసారి, లేత చిగుళ్ళను, ఆకు అడుగులను త్రిప్పి చూడవలెను. వెలుపలినుండి తెచ్చిన క్రొత్త అంట్లను రెండు వారములు వేరుగా నుంచి, శుభ్రముగా నున్నవని తెలిసిన తరువాతనే మిగిలిన వాటితో కలుపవలెను. తెగులు సోకిన అంటును తుడిచి, పైకి శుభ్రముగా కనబడునట్లు చేసి అమ్మరాదు. అది కొన్నవారి ఇంటిలో వారము దినములలో తిరిగి తెల్లబడును. అమ్మినవారి పేరు నల్లబడును. అమ్మునపుడే "ఎండలో ఉంచండమ్మా, ఉదయము ఆకులు కడగండి" అని ఒక్క మాట చెప్పిన, కొన్నవారు మరుసటి ఏడు వెదకికొని వత్తురు.

జ్ఞాపకముంచుకొనదగినవి

నవంబరులో కుండీలను ఎడముగా సర్ది, పాత కొమ్మలను కత్తిరింపుడు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసములలో మూడు దినములకు ఒకసారి ఆకులను త్రిప్పి చూడుడు. మొదటి మచ్చ కనబడిన దినముననే ఆ ఆకును తీసివేసి, కుండీని వేరుచేసి, కడుగుట మొదలిడుడు. వారములో తగ్గకున్న పాలు గాని, సోడా గాని, వేపనూనె గాని వాడుడు. అప్పటికిని తగ్గకున్ననే గంధకము వాడుడు. పాదులకు మాత్రము వలదు. ఒకసారి తెల్లబడిన ఆకు తిరిగి పచ్చబడదు. క్రొత్త చిగురు శుభ్రముగా వచ్చుచున్నదా లేదా అనునదే వైద్యము ఫలించినదనుటకు గుర్తు.

గుర్తింపులో సందేహమున్నచో, తెగులు గల కొమ్మను కాగితములో చుట్టి దగ్గరనున్న వ్యవసాయ లేక ఉద్యాన అధికారికి చూపించుడు. ప్లాస్టికు సంచిలో చుట్టిన చెమ్మపట్టి గుర్తు చెడిపోవును. 1913లో స్థాపింపబడిన అనకాపల్లి పరిశోధనా స్థానము ఈ ప్రాంతపు రైతులకు సమీపముననే యున్నది.

తెగులును చూచుటకు ఖర్చు లేదు; చూడకున్ననే ఖర్చు. ఉదయము కాఫీ త్రాగుచు మొక్కలవద్ద నిలుచు ఆ ఐదు నిమిషములలో నాలుగు ఆకులను త్రిప్పి చూచు అలవాటు ఇంటిల్లిపాదికి, ముఖ్యముగా పిల్లలకు నేర్పిన, ఏ మందు అవసరము లేకుండగనే చాలవరకు ఈ తెగులును గుమ్మము బయటనే నిలుపవచ్చును. రైతు సోదరీ సోదరులు ఈ శీతకాలమునుండియే ఈ పద్ధతిని ఆచరణలో పెట్టి చూతురుగాక.